ముసలోడికి బలం మందు

ఏప్రిల్ ఇరవై, ఆదివారం. కాప్రాలో మా బావ పిండి గిర్నీ.

హాజరైనవారు: మా బావ, మా అక్క, రాణీగంజ్ నుంచి వచ్చిన పొగ ఉస్తాద్, సుబేదారమ్మగారు, కారం పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు కొందరు, నేను. ఇంకా, ముసలోడు.

డైరీ రాసే అలవాటు నాకు చదువుకునే రోజుల నుంచీ ఉంది. ముందు తేదీ, తర్వాత అక్కడ ఎవరెవరు ఉన్నారో, ఆ తర్వాతే జరిగిన సంగతి. ఆ రోజు పేజీలో మాత్రం హాజరు పట్టీ కింద ఒకే ఒక్క వాక్యం ఉంది: "ఈ రోజు ఇంజన్ బలం పెంచాము." అంతకు మించి రాయడానికి ఆ పూట కళ్లు సహకరించలేదు. (ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.) ఇన్నేళ్లకు తీరిక దొరికింది కాబట్టి మిగతాది ఇప్పుడు పూర్తి చేస్తున్నాను.

ఆ రోజుల్లో మా అందరికీ బలం మీద ఒక రకమైన వెర్రి ఉండేది. సన్నగా ఉన్న పిల్లవాడికి టానిక్కు, బాలింతకు లేహ్యం, పాలివ్వని బర్రెకు తవుడు. ఏది నెమ్మదిగా నడిచినా దానికేదో జబ్బు చేసిందనే అనుకునేవాళ్లం. నెమ్మది కూడా ఒక ఆరోగ్యమేనన్న ఊహ ఎవరికీ వచ్చేది కాదు, అందులోనూ మెకానికల్ డిప్లొమా అప్పుడే పూర్తి చేసి, ఉద్యోగం వచ్చేదాకా అక్క ఇంట్లో ఉంటూ, పూటపూటా అక్క చేతి వంట తింటూ, కనిపించిన ప్రతి యంత్రాన్నీ ఎలా బాగుచేయాలా అని చూస్తున్న నాబోటివాడికి అసలే రాదు. అక్క ఇంట్లో కుట్టు మిషన్ అయిపోయింది, టేబుల్ ఫ్యాన్ అయిపోయింది. (రెండూ ఆ తర్వాత వాడుకలో లేవు.) మిగిలింది ముసలోడు.

ముసలోడంటే గిర్నీలోని డీజిల్ ఇంజన్. మా బావ వాళ్ల నాన్న పెట్టించినది. ఒకే సిలిండర్, రెండు పక్కలా పెద్ద పెద్ద చక్రాలు, కప్పును తన్నుకుని బయటికి పోయే పొగగొట్టం. ఆ గొట్టం చివర ఒక రేకు డబ్బా బోర్లించి ఉండేది. ఇంజన్ నడుస్తుంటే అది కుక్... కుక్... కుక్ అని కూసేది. కాప్రా చెరువు అవతలి గట్టుమీద ఉన్నవాళ్లు కూడా ఆ కూత విని గిర్నీ షురూ అయిందని మిరపకాయల సంచులు దించుకునేవారు. కూతకూ కూతకూ నడుమ ఎంత ఖాళీ ఉండేదంటే, కొత్తవాళ్లు ఇంజన్ ఆగిపోయిందేమోనని తొంగి చూసేవాళ్లు.

గిర్నీలో రెండు జతల రాళ్లు ఉండేవి. ఒకటి గోధుమలకూ జొన్నలకూ, రెండోది ఒక్క కారానికే. ముసలోడు ఒకసారికి ఒక జతనే తిప్పగలడు. కారం పడుతున్నప్పుడు పిండి వాళ్లు కూర్చోవాలి, పిండి పడుతున్నప్పుడు కారం వాళ్లు కూర్చోవాలి. ఇన్నేళ్లూ అందరూ అలాగే కూర్చున్నారు, కూర్చుని ఊళ్లో సంగతులన్నీ మాట్లాడుకున్నారు. కానీ ఆ ఏడు మాఘమాసంలో రోడ్డు అవతల కరెంటు మోటారు గిర్నీ ఒకటి వెలిసింది. దానికి రెండు మోటార్లు. రెండు రాళ్లూ ఒకేసారి గిర్రున తిరిగేవి, సంచి ఇచ్చి వెనక్కి తిరిగేలోపు కారం చేతికొచ్చేది. ఎండాకాలం వచ్చేసరికి మా ముందు వరస సగానికి సగం తగ్గింది. గిర్నీకి ఏడాదంతా ఆధారం ఆ కారం సీజనే. అవతలాయన మర్యాదస్తుడే, ఒకరోజు వచ్చి చాయ్ తాగి, "నీ జాగ నాకిచ్చెయ్యి అన్నా, గోదాం కట్టుకుంట" అని అడిగిపోయాడు. బావ ఆయన్ని గుమ్మందాకా సాగనంపాడు. ఆ రోజు నుంచి ఆ మాట ఆయన మనసులో తిరుగుతూనే ఉంది.

అన్నం తింటూ ఒకనాడు బావే ఎత్తాడు.

"ఏం బామ్మర్దీ, డిప్లొమా సదివినవు గదా. ముసలోనికి జెర బలం వచ్చే ఉపాయమేమన్న ఉన్నదా? రెండు రాళ్లు ఒక్కపారి తిప్పిండంటే ఈ సీజన్ గట్టెక్కుతం. లేకుంటే జాగ ఇచ్చేసుడే."

"ఉన్నది బావా," అన్నాను ముద్ద మింగకుండానే. "పంపుల స్క్రూ తిప్పితె డీజిల్ ఎక్కువ పోతది. డీజిల్ ఎక్కువ పోతె బలం ఎక్కువొస్తది."

"మస్తు తింటె మస్తు బలమొస్తదా తమ్మీ?" అంది అక్క చారు పోస్తూ. "నిన్ను చూస్తె అట్ల అనిపిస్తలేదు."

నేను చెప్పినది మాత్రం తప్పు కాదు. డీజిల్ ఇంజనుకు గుండెకాయ ఇంజెక్షన్ పంపు. సిలిండర్‌లోకి ప్రతి దెబ్బకూ ఎంత డీజిల్ పోవాలో అదే కొలిచి చిమ్ముతుంది. ఆ కొలతను పెంచి తగ్గించేది పంపులో అటూ ఇటూ జరిగే ఒక సన్నటి పళ్ల కడ్డీ. బరువు పడితే గవర్నర్ అనే అమరిక ఆ కడ్డీని ముందుకు తోసి డీజిల్ పెంచుతుంది, బరువు తగ్గితే వెనక్కి లాగి ఇంజన్‌ను అదుపులో పెడుతుంది. కడ్డీ ఒక హద్దు దాటి ముందుకు పోకుండా తయారుచేసినవాళ్లు ఒక స్క్రూ బిగించి, దానికి తీగ చుట్టి, సీసం సీలు వేస్తారు. అంటే ఇంజన్ ఎంత తినాలో పుట్టినప్పుడే రాసిపెట్టి ఉంటుంది. మేము ఆ రాతను మార్చాలనుకున్నాం.

ఆ పనికి బావ పిలిపించిన మనిషి పొగ ఉస్తాద్. పొగ రంగు చూసి ఇంజన్ రోగం చెప్తాడని ఆ పేరు. తెల్లపొగ అయితే జలుబు, నీలంపొగ అయితే అజీర్ణం, నల్లపొగ అయితే పౌరుషం. (ఈ మూడో సూత్రం దగ్గరే మేమంతా దెబ్బతిన్నాం.) రాగానే స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపటికి తెరిచాడు.

"సేఠ్, ఈ సీల్ చూస్తున్నవా? గిది కంపెనీవాని డర్, భయం. ముసలోని తాకత్ యాడికి పోలే, లోపట తాళమేసి పెట్టిండ్రు. నేను తాళం ఇప్పి చూపిస్త."

"ఎన్నొద్దులు పడ్తది?"

"పంపు ఇప్పుకొని మా దుకాణంకు తీస్కపోవాలె. రెండ్రోజులు. గీ పనికి సాఫ్ జాగ ఉండాలె భాయ్, దుమ్ము పడొద్దు."

బావ రోడ్డు అవతలికి చూశాడు. రెండు రోజులు తలుపు మూస్తే ఉన్న సగం వరస కూడా అటే పోతుంది. "గీడ్నే చెయ్యి ఉస్తాద్. మధ్యాహ్నంల ఆపుత, సాయంత్రంకల్లా నడవాలె" అన్నాడు. ఉస్తాద్ మొదట తల అడ్డంగా ఊపాడు. బావ "నీతోని కాదంటవా?" అన్నాడు. ఉస్తాద్ చొక్కా చేతులు మడిచాడు.

ఆ ఆదివారం పొద్దున వరసలో మొదట ఉన్నది సుబేదారమ్మగారు. వాళ్లాయన మిలటరీలో సుబేదారుగా చేసి రిటైరై సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నారు. వాళ్లది కోస్తా వైపు. ఇంట్లో ఆయన మాట వినపడేది కాదనీ, అసలు సుబేదారు ఈవిడేననీ కాలనీలో చెప్పుకునేవారు. ఆవకాయ కారం కోసం ఒక బస్తా మిరపకాయలు తొడిమలు తీసి, ఎండబెట్టి, రెండు పెద్ద డబ్బాలతో సహా తెచ్చి, మడత కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ బస్తా సగం అయ్యేసరికి ముసలోణ్ని ఆపాం.

"ఇదేవిటయ్యా, సగంలో?"

"జెర ఓపిక పట్టమ్మా, ఇంజన్‌కు బలం పెడ్తున్నం" అన్నాడు బావ.

"మీరు బలం పెట్టండి, బంతి వడ్డించండి. నా మిరపకాయలు వదిలి నేను కదలను."

నిండిన డబ్బాను ఇంటికి పంపించి, ఖాళీ డబ్బా కాళ్ల దగ్గర పెట్టుకుని ఆవిడ అక్కడే ఉండిపోయారు.

ఉస్తాద్ సీలు తెంచాడు. పంపు విప్పాడు. వేలెడంత ముక్కలు, గోరంత ముక్కలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. వాటిని వరస తప్పకుండా పెట్టుకోవడానికి నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. పరుగున వెళ్లి అక్క వంటింట్లోంచి ఇడ్లీ ప్లేట్లు తెచ్చాను. ఒక్కో గుంటలో ఒక్కో ముక్క, పైన డీజిల్. ఉస్తాద్ కూడా "వాహ్ ఇంజనీర్ సాబ్" అన్నాడు. అక్క గుమ్మంలో నిలబడి చూసింది.

"తమ్మీ, రేపు నీకు గా ప్లేట్లనే పెడ్త. గుర్తు పెట్టుకో."

ఇప్పుడు ఆలోచిస్తే, అక్కడున్న ఏ ఒక్కరికీ తట్టని విషయం ఒకటుంది. అది కారం గిర్నీ. సీజన్ నడుస్తోంది. గోడ, దూలం, సాలెగూడు, బావ కనుబొమ్మలు, అన్నీ ఎర్రగా ఉన్నాయి. అక్కడ గాలి అంటేనే పలచటి కారం. రోజూ పీల్చి పీల్చి మాకది గాలిలాగే అనిపించేది. నేను ప్లేట్ల మీద మూత అయినా పెట్టలేదు. ఉస్తాద్ హద్దు స్క్రూను వెనక్కి తిప్పి, ముక్కలన్నీ మళ్లీ బిగించాడు. చివరగా గాలి పీల్చే గొట్టానికున్న జల్లెడ డబ్బా కూడా ఊడదీసి పక్కన పడేశాడు. "ముసలోడు గుండెనిండ ఊపిరి తీసుకోవాలె" అన్నాడు.

సాయంత్రం ఎండ వాలుతుండగా బావ ఇంజన్‌కు దండం పెట్టి హ్యాండిల్ తిప్పాడు. ముసలోడు ఒకసారి మూలిగి అందుకున్నాడు. ఒక రాయికి బెల్టు వేశాం. రెండో రాయికీ వేశాం. ఇదివరకైతే అక్కడే చతికిలపడేవాడు. ఈసారి ఒక్క క్షణం తగ్గి, గుక్క తిప్పుకుని, రెండింటినీ లాగేశాడు! కుక్ కుక్ కుక్ కుక్ అని డబ్బా కూస్తోంది. ఒకపక్క గోధుమపిండి, ఒకపక్క సుబేదారమ్మగారి మిగతా కారం. గొట్టంలోంచి తారులాంటి పొగ లేచింది.

"అగో, నల్లపొగ!" అని ఉస్తాద్ నా వీపు మీద చరిచాడు. "ముసలోనికి మీసాలు మొలిచినయ్!"

రోడ్డు అవతలాయన బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. మా బావ ఆయన్ని చూసి ఊరికే తల ఊపాడు. అలా తల ఊపడం కోసమే ఆ మూడు నెలలూ ఆయన బతికినట్టు నాకనిపించింది. నేను కూడా ఛాతీ కొంచెం ముందుకు పెట్టుకున్నాను, బెల్టుకు తగలనంత దూరంలో.

గోధుమలు అయిపోయాయి. అంతే. జరిగింది అంతే. ఒక రాయి ఖాళీ కాగానే సగం బరువు తగ్గింది, గవర్నర్ పళ్ల కడ్డీని వెనక్కి లాగాలి. కానీ డీజిల్లో తడిసిన కడ్డీ చుట్టూ ఆ మధ్యాహ్నమంతా పడిన కారం ముద్దై కూర్చుంది. కడ్డీ ఎక్కడ ఉన్నది అక్కడే పట్టేసింది, అది కూడా ఉస్తాద్ కొత్తగా తెరిచిన ఆ హద్దు దగ్గర. ముసలోడికి ఇక తిండి తగ్గదు, పని లేదు. పరుగు మొదలుపెట్టాడు.

కుక్ కుక్ అన్న డబ్బా కూతలన్నీ కలిసిపోయి ఒకే ఈలైంది. చక్రాల ఊచలు కనపడటం మానేశాయి. బెల్టు గాల్లో పాములా తన్నుకుంటోంది. కారం రాయి ఏ వేగంతో తిరిగిందో ఏమో, పొడి రాలే మూతి దగ్గర కట్టిన గుడ్డ ఊడి ఎగిరింది, ఎర్రటి మేఘం ఒకటి కప్పుదాకా లేచి అందరి మీదా దిగింది. ఆడవాళ్లు కొంగులు ముక్కుకు పెట్టుకుని వీధిలోకి పరుగెత్తారు. నేను పద్ధతి ప్రకారం డీజిల్ ట్యాంకు కుళాయి కట్టేశాను. ముసలోడు లెక్కచేయలేదు, గొట్టాల్లో ఉన్నదే అతనికి చాలు.

"హవా! హవా బంద్ చెయ్యిండ్రి!" అని ఉస్తాద్ తుమ్ముల మధ్య అరిచాడు.

ఊపిరి ఆపితే ఇంజన్ ఆగుతుందన్నమాట. బావ భుజం మీది తువాలు తీసి గాలి పీల్చే గొట్టం మూతిలో కుక్కాడు. ముసలోడు దాన్ని సగం మింగాడు. బావ అటూ ఇంజన్ ఇటూ పట్టుకుని కాసేపు లాక్కున్నారు. చివరికి తువాలు బావకే దక్కింది, కొంత తక్కువగా.

ఆ ఎర్ర మబ్బులోంచి ఒక గొంతు వినిపించింది.

"తప్పుకోండయ్యా!"

సుబేదారమ్మగారు. కళ్ల వెంట నీళ్లు ధారలుగా కారుతున్నా అడుగు తడబడలేదు. చేతిలో డబ్బా మూత. నేరుగా వచ్చి ఆ మూతను గొట్టం మూతి మీద ఠప్పుమని కొట్టారు. అది అక్కడే అంటుకుపోయింది. (జల్లెడ డబ్బా ఊడదీయకుండా ఉంటే మూత అతికేది కాదు, ఆ మాట ఉస్తాద్ జీవితాంతం గొప్పగా చెప్పుకున్నాడు.) ముసలోడు దగ్గాడు, ఉక్కిరిబిక్కిరయ్యాడు, నేలను ఒకసారి అదరగొట్టి ఆగిపోయాడు.

అందరూ తుమ్మారు. రోడ్డు అవతలాయన కూడా తుమ్ముతూ షట్టర్ దించేసుకున్నాడు. సుబేదారమ్మగారు తన డబ్బా నింపుకుని, మూత పీక్కుని, "రేపొస్తాను మీ సంగతి చూడ్డానికి" అని రిక్షా ఎక్కారు.

ఆ రాత్రి నాకు కళ్లు తెరవడం కుదరలేదు. పక్క మంచం మీద బావకు కళ్లు మూయడం కుదరలేదు. ఆయనే అన్నాడు: "పొద్దుగాల పోయి అవతలాయనకు సరే అని చెప్త, బామ్మర్దీ. ముసలోన్ని ఇగ పరేషాన్ చెయ్యొద్దు."

నేను కళ్ల మీది తడిగుడ్డ ఇంకోసారి తిప్పి వేసుకున్నాను. నా డిప్లొమా పుస్తకాల్లో దానికేమీ రాసి లేదు.

మర్నాడు పొద్దున్నే ఉస్తాద్ వచ్చి, ఈసారి ఇంటి వెనక వేపచెట్టు కింద గుడ్డ పరిచి, పంపు విప్పాడు. లోపల కడ్డీకి పట్టిన ముద్దను వేలితో తీసి చూపించాడు. ఎర్రగా, నూనెతో మెరుస్తూ, అచ్చం ఆవకాయలా ఉంది. "జాడీల పెట్టుకో" అని నవ్వబోయి, బావ మొహం చూసి మానుకున్నాడు. కడిగి, తుడిచి, స్క్రూను పాత గుర్తు దగ్గరికే తెచ్చి బిగించాడు. బావ స్నానం చేసి పెళ్లిళ్లకు వేసుకునే తెల్లచొక్కా తొడుక్కున్నాడు. జాగ ఇస్తానని చెప్పడానికి మాసిన చొక్కాతో పోవడం ఆయనకిష్టం లేదు.

గుమ్మం దిగేలోపే రిక్షా ఆగింది. సుబేదారమ్మగారు రెండు డబ్బాలూ దించి, అరుగు మీద పక్కపక్కన పెట్టి, రెండు మూతలూ తీశారు. దెబ్బలాట వాసన తగిలి దారిన పోయే ఆడవాళ్లంతా చేరారు. వాళ్లలో సగంమంది అవతలి గిర్నీకి పోతున్నవాళ్లే.

"చూడవయ్యా. ఇది నిన్న పొద్దున పట్టింది. ఇది సాయంత్రం మీరు బలం పెట్టాక పట్టింది. రెండూ నా మిరపకాయలే, ఒకటే బస్తా. ఇది కారం. మరి ఇదేవిటి? కాఫీ పొడా?"

నిజమే. మొదటిది మందారంలా ఉంది. రెండోది కమిలిపోయి, ఇటుకపొడిలా, మాడు వాసన వేస్తోంది. రాయి అంత వేగంగా తిరిగి వేడెక్కి కారాన్ని వేయించేసింది. బావ తల వంచుకున్నాడు. అప్పుడు పాలు పోసే ఆమె ఒకరు వంగి, రెండో డబ్బాలోది చిటికెడు తీసి చూసింది.

"అయ్యో పెద్దమ్మా, గిది మంచిగనే ఉన్నది గదా. మా ఇంట్ల కారం సుత గిట్లనే ఉన్నది."

"ఎక్కడ పట్టించావ్?"

ఆమె చెయ్యి రోడ్డు అవతలికి చూపించింది.

"నాది సుత గిదే రంగు," అంది ఇంకొకామె. "మిరపకాయలే మంచిగ లెవ్వనుకున్న. మోండా మార్కెట్ల ఆయనను తిట్టొచ్చిన."

సుబేదారమ్మగారు రెండు డబ్బాలనూ, రోడ్డు అవతలనూ, మా గిర్నీలో చల్లగా నిలబడి ఉన్న ముసలోణ్నీ వరసగా చూశారు. మొదటి డబ్బాలో వేలు పెట్టి, ఆ కారం బావ అరచేతిలో వేశారు.

"నిన్న పట్టి ఇంటికి పంపితే ఇది చల్లగా ఉందిట. మా ఆయనే చెప్పాడు. ఆయన నోరు తెరిచి ఒక మాట చెప్పాడంటే చూసుకో." తర్వాత గొంతు పెంచారు. "కారం పట్టేవాడికి తొందర పనికిరాదయ్యా! చెడిపోయిన సగానికి బదులు నాకు మళ్లీ పట్టాలి. మిరపకాయలు తెచ్చాను, రిక్షాలో ఉన్నాయి. పాత పద్ధతిలో. నేను ఇక్కడే కూర్చుంటాను."

మడత కుర్చీ తెరిచారు. ఆవిడ వెనక పాలామె కూర్చుంది. ఆమె వెనక ఇంకొకామె.

బావ అరచేతిలోని కారాన్ని మళ్లీ మొదటి డబ్బాలో వేశాడు. తర్వాత తెల్లచొక్కా విప్పి, గోడకున్న మేకుకు తగిలించాడు. లోపలికి వెళ్లి హ్యాండిల్ పట్టుకున్నాడు. అక్క వంటింట్లోంచి పసుపులో ముంచిన దారం తెచ్చి, తెగిన సీలు ఉన్న చోట స్క్రూ చుట్టూ ముడి వేసింది. "ఇగ దీన్ని ఎవ్వరు ముట్టొద్దు," అంది, ఇంకెవర్నీ చూడకుండా నన్నే చూస్తూ. కుక్... అంది డబ్బా. చాలాసేపటికి మళ్లీ, కుక్... ఆ చొక్కా మధ్యాహ్నానికల్లా ఎర్రబడింది, మళ్లీ ఏ పెళ్లికీ పనికిరాలేదు. నేను కూర్చుని ఆ ప్లేట్లలో వేసిన ఇడ్లీలు తిన్నాను. డీజిల్ వాసన కొద్దిగానే ఉంది.

మొన్న డాక్టరుగారు నా గుండె చప్పుడు విని, అది హద్దు మీరి పరుగెత్తకుండా ఒక చిన్న మాత్ర రాశారు. "మెట్లు నెమ్మదిగా ఎక్కండి, దేనికీ తొందరపడకండి" అన్నారు. బలానికి మందు అడుగుదామని వెళ్లినవాణ్ని, నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. ఆ మాత్రల సీసా మెడకు ఒక పసుపు దారం చుట్టి ముడి వేశాను. ఇదేంటి మామయ్యా అని కోడలు అడిగితే, "ఇది సీలు, అమ్మా" అన్నాను.

మర్నాడు పొద్దున చూస్తే సీసా చుట్టూ దారం అలాగే ఉంది. పక్కనే పళ్లెంలో ఇడ్లీలు. నేను నెమ్మదిగా తిన్నాను.